గోడ మీద పేరెవరిది?

1972లో లాస్ ఏంజెలెస్‌లో తీసిన ఫోటో ఒకటి ఉంది. అందరూ లాక్మా అని పిలిచే అక్కడి పెద్ద కళా మ్యూజియం దగ్గర, నడక వంతెన రెయిలింగ్‌ను ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆమెకు కింద, గోడ మీద, స్ప్రే పెయింట్‌తో మూడు పేర్లు: హెర్రోన్, గాంబోవా, గ్రాంకీ. ఫోటో తీసింది హ్యారీ గాంబోవా. నిలబడింది పాట్సీ వాల్డెజ్. మీ మ్యూజియంలో చికానోల, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల, బొమ్మలు ఎందుకు లేవని గాంబోవా అంతకుముందు అక్కడి క్యూరేటర్‌ను అడిగాడు. వాళ్లు జానపద కళలు చేసుకుంటారు, లేదంటే గ్యాంగుల్లో తిరుగుతారు అన్న ధోరణిలో జవాబొచ్చింది. ఆ రాత్రే ముగ్గురు కుర్రాళ్లు వెళ్లి మ్యూజియం గోడ మీద సంతకాలు పెట్టి వచ్చారు. ఎవరైనా తాము వేసిన బొమ్మ కింద సంతకం పెడతారు. వీళ్లు ఏకంగా మ్యూజియానికే పెట్టి, భవనం మొత్తం తమ కళాఖండమే అన్నారు. మర్నాడు ఫోటో తీసుకున్న కొద్ది గంటలకే మ్యూజియం వాళ్లు ఆ పేర్ల మీద రంగు పూసేశారు.

గ్రాంక్ (గోడ మీది గ్రాంకీ ఇతనే), విల్లీ హెర్రోన్, గాంబోవా, వాల్డెజ్ కలిసి పెట్టుకున్న ఆ బృందం పేరు ఆస్కో. స్పానిష్‌లో ఆ మాటకు వికారం, వాంతి వచ్చేంత అసహ్యం అని అర్థం. తమ పనులు చూసి జనం అదే మాట అంటున్నారని దాన్నే పేరుగా పెట్టుకున్నారు.

చికానో కళ మీద ఇప్పుడిప్పుడే ఆసక్తి మొదలైన విద్యార్థికి ఈ ఫోటో చాలా తొందరగా తారసపడుతుంది. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, భలే చేశారనిపిస్తుంది. ఇంకోసారి చూస్తే నాలుగో పేరు ఏదన్న అనుమానం వస్తుంది. ఫోటోలో కనబడే ఒకే ఒక్క మనిషి పేరు గోడ మీద లేదు. ప్రాతినిధ్యం అన్న పెద్ద మాట లోపల నిజానికి రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. బొమ్మలో కనబడడం ఒకటి, గోడ మీద సంతకం పెట్టగలగడం ఇంకొకటి. ఈ కళ చుట్టూ యాభై ఏళ్లకు పైగా నడిచిన గొడవల్లో చాలావరకు ఆ రెండింటి మధ్య దూరం గురించే.

ఆసక్తి పుట్టగానే మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. హిస్పానిక్, లాటినో, చికానో, ఇప్పుడు లాటినెక్స్, చికానెక్స్, లాటినే. ఒక్కో మాట వెనుక ఒక్కో పంచాయితీ. హిస్పానిక్ అన్నది స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవాళ్లకు ప్రభుత్వ ఫారాల మాట, 1980 జనగణనతో దేశమంతా పాకింది. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్లంతా: మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఎల్ సాల్వడార్, ఇంకా చాలామంది. చికానోలు అందులో ఒక పాయ, అమెరికానే సొంత ఊరైన మెక్సికన్ మూలాలవాళ్లు. మొదట్లో అది తక్కువ చేసి పిలిచే మాట. 1960లలో కుర్రకారు దాన్నే తలకెత్తుకుంది. లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరి రూబెన్ సలజార్ 1970 ఫిబ్రవరిలో రాసిన కాలమ్‌లో, తనను తాను తెల్లవాడి నమూనాలో చూసుకోని మెక్సికన్ అమెరికనే చికానో అన్న అర్థంలో చెప్పాడు. ఇంతకంటే క్లుప్తంగా ఆ మాటను వివరించినవాళ్లు అరుదు. అదే ఏడాది ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా తూర్పు లాస్ ఏంజెలెస్‌లో చికానోల భారీ ఊరేగింపు జరిగింది. ఆ రోజు ఒక కేఫ్‌లో కూర్చుని ఉన్న సలజార్ షెరిఫ్ డిప్యూటీ పేల్చిన బాష్పవాయు గోళం తగిలి చనిపోయాడు. ఆ తరం వేసిన పోస్టర్లలో, కుడ్యచిత్రాల్లో ఆయన ముఖం మళ్లీ మళ్లీ కనబడడానికి కారణం ఇదే.

ఇక చివర వచ్చి చేరిన ఎక్స్ సంగతి. స్పానిష్‌లో నామవాచకానికి లింగం తప్పదు, ఓ అంటే మగ, ఆ అంటే ఆడ. పదిమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగాడున్నా గుంపంతా చికానోలే అయిపోతుంది. తెలుగులో ‘వాళ్లు’ అంటే సరిపోయే చోట స్పానిష్‌కు దారి లేదు. ఆడవాళ్లతో పాటు, ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడనివాళ్లకూ చోటు ఇవ్వడానికి ఆ ఎక్స్ వచ్చింది. కానీ క్యాంపస్‌లో పుట్టిన ఈ మాట అమ్మమ్మల వంటింటి దాకా వెళ్లలేదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం లాటినో పెద్దవాళ్లలో 47 శాతం మంది లాటినెక్స్ అన్న మాట విన్నారు, తమకు తాము వాడుకునేది 4 శాతమే. ఈ లెక్క చూపించి మాటనే వెక్కిరించేవాళ్లు ఉన్నారు. చికానో అన్న మాటకూ మొదట్లో పెద్దల ఇళ్లలో ఇదే గతి పట్టిందని మాత్రం వాళ్లు చెప్పరు.

పేరు కంటే పాత చిక్కు సరిహద్దుది. 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాడలూపె ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా అమెరికాకు వదులుకుంది. అమెరికా ఇచ్చింది 1.5 కోట్ల డాలర్లు. ఇప్పటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా, న్యూ మెక్సికోలలో చాలా భాగం అలా చేతులు మారింది. అక్కడ కాపురముంటున్న మెక్సికన్లు ఇల్లు కదలకుండానే వేరే దేశంలో తేలారు. ‘మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అని చికానోలు అనడం ఊరికే పోలేదు. వలస వచ్చినవాళ్ల కళ అనుకుని ఈ బొమ్మల దగ్గరకు వెళ్తే సగం తప్పు అక్కడే జరిగిపోతుంది.

ఈ విషయం మీద ఇవాళ అమెరికన్ కాలేజీల్లో క్లాసులున్నాయంటే అది కూడా విద్యార్థుల పుణ్యమే. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూళ్ల నుంచి వేల మంది పిల్లలు క్లాసులు వదిలి బయటికి నడిచారు. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్ష వేయొద్దన్నారు, తమ చరిత్ర పాఠాల్లో ఉండాలన్నారు, కాలేజీకి పనికొచ్చే చదువు కావాలన్నారు. మరుసటి ఏడాది శాంటా బార్బరాలో విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని చికానో అధ్యయన శాఖలకు ప్రణాళిక రాసుకున్నారు. ఇదంతా గడిచిపోయిన కథ కూడా కాదు. అరిజోనా రాష్ట్రం 2010లో చట్టం తెచ్చి టూసాన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ పాఠాలను ఆపేయించింది. ఆ నిషేధం వెనుక జాతి వివక్ష ఉందని, అది రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ న్యాయమూర్తి తేల్చేసరికి 2017 వచ్చింది. ఈలోపు ఒక తరం పిల్లలు ఆ పాఠాలు లేకుండానే బడి దాటారు.

కళ మాత్రం బడిలో కాదు, పొలంలో మొదలైంది. 1965 సెప్టెంబర్ 8న కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిపినో కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. ఎనిమిది రోజులకు సెజార్ చావెజ్, డొలోరెస్ హువెర్తాల సంఘం, అంటే ఎక్కువగా మెక్సికన్ కూలీలు, వాళ్లతో కలిశారు. ఎర్ర గుడ్డ మీద తెల్లని వలయం, అందులో నల్ల గద్ద: ఆ సంఘం జెండా అప్పటికే తయారుగా ఉంది. గీసింది సెజార్ తమ్ముడు రిచర్డ్ చావెజ్. ఆ గద్ద రెక్కల అంచులు మెట్లు మెట్లుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. అందంగా గీయడం రాక అలా వదిలేశారనుకుంటే పొరపాటు. బొమ్మలు రానివాళ్లు కూడా గీసుకోవాలి, ఇంట్లో ఎవరికి వాళ్లు గుడ్డ కత్తిరించి జెండా కుట్టుకోవాలి అన్నదే అందులో ఆలోచన. ఎవరైనా చేసుకోగలిగేలా ఒక బొమ్మను గీయడం ఎంత కష్టమో డిజైన్ పని తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. ఆ సమ్మెలోనే లూయిస్ వాల్డెజ్ కూలీలతో నాటక బృందం కట్టాడు. ట్రక్కు వెనుక బల్లే రంగస్థలం. ఎవరు యజమాని, ఎవరు కూలీ, ఎవరు సమ్మె విరిచేవాడు అన్నది మెడలో వేలాడే అట్టముక్క చెబుతుంది. ప్రజానాట్యమండలి ప్రదర్శనలు చూసి పెరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ద్రాక్షతోటల నుంచి వచ్చిన ఒక బొమ్మను కాస్త దగ్గరగా చూడాలి. ఎస్టర్ హెర్నాండెజ్ 1982లో వేసిన సిల్క్‌స్క్రీన్ పోస్టర్ అది. అమెరికాలో ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సన్ మెయిడ్ కిస్మిస్ డబ్బా అందరికీ తెలిసిందే. ఎర్ర అట్ట, వెనుక పసుపుపచ్చ సూర్యుడు, తలకు ఎర్ర బానెట్ కట్టుకుని చేతుల్లో పచ్చని ద్రాక్షగుత్తుల బుట్ట పట్టుకుని నవ్వే అమ్మాయి. హెర్నాండెజ్ ఎర్ర రంగు, సూర్యుడు, బుట్ట, బానెట్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. అమ్మాయి ముఖాన్ని మాత్రం పుర్రె చేసింది. నవ్వు అలాగే ఉంటుంది, కాకపోతే ఇప్పుడు పళ్లన్నీ బయటికి కనబడుతుంటాయి. పైన పేరులో ఒక్క చిన్న మార్పుతో సన్ మ్యాడ్ అయింది. కింద, ఇవి అసహజంగా పండించిన కిస్మిస్‌లంటూ పురుగుమందులు, కలుపుమందులు, శిలీంద్రనాశకాల జాబితా.

ఆమెకు ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. కాలిఫోర్నియా మధ్య లోయలోని డినూబా అనే చిన్న ఊళ్లో, పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టింది. ఆ ప్రాంతపు నీళ్లలో పురుగుమందులు ఏళ్ల తరబడి కలుస్తున్నాయని 1979లో తెలిసింది. ఇంటివాళ్లు తాగిందీ, స్నానాలు చేసిందీ ఆ నీళ్లే. తర్వాత వేసిన పోస్టర్‌లో కూలీ ముఖం గాని, ఎండలో వంగిన నడుము గాని లేవు. దయ పుట్టించే ఏ బొమ్మనూ ఆమె వాడలేదు. కొనేవాళ్ల చేతిలోని డబ్బానే వాళ్ల వైపు తిప్పింది. పుర్రె కూడా ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. మెక్సికోలో చనిపోయినవాళ్ల పండుగకు చక్కెర పుర్రెలు చేస్తారు, నూరేళ్ల కిందటి అచ్చుచిత్రాల మాస్టర్ హోసె గ్వాడలూపె పొసాడా అస్థిపంజరాలకు టోపీలు పెట్టి పెద్దమనుషుల్ని వెక్కిరించాడు. డినూబా అమ్మాయి ఆ వెక్కిరింతను తీసుకొచ్చి కిరాణా కొట్టు అలమరలో పెట్టింది. పోస్టర్ కాబట్టి కాపీలు తీసుకోవచ్చు, యూనియన్ ఆఫీసులోనో హాస్టల్ గదిలోనో అంటించుకోవచ్చు. ఈ పరంపరలో పోస్టర్‌కు కాన్వాస్ కంటే పెద్ద పీట ఎందుకు పడిందో చెప్పడానికి ఇదొక్కటి చాలు. అలాంటి పోస్టర్లు అచ్చువేసిన బృందాల్లో సాక్రమెంటో కుర్రాళ్లది ఒకటి. రెబెల్ చికానో ఆర్ట్ ఫ్రంట్ అని పేరు పెట్టుకుంటే, పొడి అక్షరాలు ఆర్‌సీఏఎఫ్ చూసి జనం రాయల్ కెనేడియన్ ఎయిర్ ఫోర్స్ అనుకున్నారట. సరే, మేం రాయల్ చికానో ఎయిర్ ఫోర్స్ అని వాళ్లు పైలట్ల దుస్తులు వేసుకుని తిరిగారు.

మళ్లీ గోడల దగ్గరకు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఒల్వెరా వీధిలో 1932లో మెక్సికన్ చిత్రకారుడు సికేరోస్‌తో ఒక పెద్ద కుడ్యచిత్రం వేయించారు. విషయం ఉష్ణమండల అమెరికా. పళ్లు, చిలకలు, తాపీగా కూర్చున్న మనుషులు వస్తారని వేయించినవాళ్ల ఆశ. సికేరోస్ మధ్యలో శిలువకు కట్టేసిన ఆదివాసీని వేశాడు, అతని నెత్తిన అమెరికా గద్ద. వీధిలోకి కనబడే భాగాన్ని తొందరలోనే, తర్వాత కొన్నేళ్లకు మొత్తాన్నీ సున్నంతో కప్పేశారు. ఎండకు, వానకు ఆ సున్నం పలచబడి 1960ల చివరికల్లా కింద ఉన్న మనిషి ఆకారం లీలగా బయటపడడం మొదలైంది. అంటే సరిగ్గా చికానో ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో. కథలో రాస్తే అతిగా ఉందంటారు గాని, జరిగింది ఇదే. గెట్టీ సంస్థ ఎన్నో ఏళ్లు పనిచేసి ఆ బొమ్మను కాపాడాక, ఎనభై ఏళ్లకు, 2012 అక్టోబర్‌లో జనానికి చూపించారు. రంగులు చాలావరకు పోయాయి. వాటిని కొత్తగా పూయకుండా, మిగిలింది మిగిలినట్టే ఉంచారు.

శాన్ డియేగోలో గోడ కూడా లేదు, వంతెన స్తంభాలే ఉన్నాయి. బారియో లోగన్ అనే మెక్సికన్ పేటను 1960లలో మొదట హైవే చీల్చింది, తర్వాత కొరొనాడో వంతెన. పోయిన ఇళ్లకు బదులుగా వంతెన కింద పార్కు ఇస్తామన్నారు. 1970 ఏప్రిల్ 22న మారియో సోలిస్ అనే కాలేజీ విద్యార్థి అటుగా వెళ్తూ బుల్‌డోజర్లు చూసి ఏం కడుతున్నారని అడిగాడు. హైవే పోలీసు స్టేషన్ అన్నారు. అతను ఇంటింటికీ, క్లాసు క్లాసుకూ కబురు చేర్చాడు. ఆడవాళ్లు, పిల్లలు, విద్యార్థులు వచ్చి యంత్రాల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. పారలు తెచ్చి వాళ్లే నేల చదును చేసి కాక్టస్ మొక్కలు నాటారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు, చివరికి పార్కు దక్కింది. 1973 నుంచి ఆ కాంక్రీటు స్తంభాల మీద బొమ్మలు వేయడం మొదలైంది. ఇప్పుడవి ఎనభైకి పైగా ఉన్నాయి. 2016లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. తల మీదుగా కార్లు మోగుతూ పోతుంటే కింద నిలబడి ఆ బొమ్మలు చూడాలి. ఆ మోతను కూడా బొమ్మలో భాగం అనుకోవలసిందే, ఇళ్లు పోయింది ఆ రోడ్డు వల్లే మరి.

జుడిత్ బాకా చేసిన పని ఇంకా పెద్దది. శాన్ ఫెర్నాండో లోయలో వరదనీళ్లు పోయే కాంక్రీటు కాలువ గోడ మీద 1976 నుంచి 1983 దాకా ఐదు వేసవుల్లో 2,754 అడుగుల పొడవున కాలిఫోర్నియా చరిత్ర వేయించింది. సుమారు అర మైలు. ‘వేయించింది’ అనడమే సరైన మాట, ఎందుకంటే నాలుగు వందల మందికి పైగా టీనేజీ పిల్లలు ఆ ఎర్రటి ఎండలో కాలువలో దిగి రంగులు పూశారు. వాళ్లలో పోలీసు కేసుల్లో ఇరుక్కుని వచ్చినవాళ్లున్నారు, ఒకరి పేటలోకి ఒకరు అడుగుపెట్టని గ్యాంగుల పిల్లలున్నారు. ఒక భాగంలో ఫ్రీవే పాములా మెలికలు తిరుగుతూ వచ్చి కుటుంబాన్ని విడదీస్తుంటుంది. పైన బేస్‌బాల్ స్టేడియం ఎగిరే పళ్లెంలా దిగుతూ ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లోని చావెజ్ రవీన్ అనే పేటలో మెక్సికన్ కుటుంబాలను ఖాళీ చేయించిన నేల మీదే 1962లో డాడ్జర్ స్టేడియం తెరిచారు. ఆ సంగతిని ఇంత తేలిగ్గా, ఇంత కోపంగా ఒకేసారి చెప్పడం మాటల్లో కష్టం.

చరిత్రను ఇలా గోడకెక్కిస్తే ఎవరూ అడ్డుచెప్పలేదా? చెప్పారు. బార్బరా కరాస్కోకు 1981లో లాస్ ఏంజెలెస్ నగర పునరాభివృద్ధి సంస్థ ఒక కుడ్యచిత్రం పని ఇచ్చింది. ఆమె ఒక స్త్రీ ముఖం వేసి, ఆమె పొడవాటి జుట్టు పాయల్లో నగర చరిత్రను అల్లింది. పాయ పాయకూ ఒక ఘట్టం, పెద్ద జడలో వందల ఏళ్లు. అందులో పద్నాలుగు ఘట్టాలు తీసేయమన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లను క్యాంపుల్లో పెట్టడం వాటిలో ఒకటి, సికేరోస్ బొమ్మకు సున్నం కొట్టడం ఇంకొకటి. సున్నం కొట్టిన సంగతి వేసిన బొమ్మకే సున్నం లాంటి జవాబు! ఆమె తీయనంది. పలకలుగా వేసిన ఆ చిత్రం దశాబ్దాల తరబడి గోదాముల్లోనే ఎక్కువ కాలం గడిపింది. 2018లో లాస్ ఏంజెలెస్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దాన్ని ప్రదర్శించి, తర్వాత కొనుక్కుంది. 2024లో కొత్త విభాగంలో శాశ్వతంగా గోడకెక్కించింది.

ఇప్పుడు ఆ నాలుగో పేరు సంగతి. గోడ కోసం పోరాడిన మగవాళ్లు ఆ గోడను ఆడవాళ్లతో పంచుకోవడానికి అంత తొందరపడలేదు. ఉద్యమపు తొలి బొమ్మల్లో ఆడది ఎక్కువగా రెండు రూపాల్లో వస్తుంది: చేతులు జోడించిన గ్వాడలూపె మాత, అంటే మెక్సికన్లు కొలిచే మేరీమాత, లేదా కండలు తిరిగిన అజ్టెక్ (పాత మెక్సికోను ఏలిన జాతి) యోధుడి చేతుల్లో సొమ్మసిల్లిన రాకుమారి. రెండోది అసలు క్యాలెండర్ బొమ్మ. హెల్గెరా అనే మెక్సికన్ చిత్రకారుడిది, సిగరెట్ కంపెనీ క్యాలెండర్ల మీద ఇంటింటికీ చేరింది. శివకాశి క్యాలెండర్ దేవుళ్ల మధ్య పెరిగినవాళ్లకు దాని పట్టు ఎంతటిదో చెప్పక్కర్లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో మిషన్ పేట అమ్మాయిలు 1970ల మొదట్లో తామే మంచెలు కట్టుకుని, ముహేరెస్ మురలిస్తాస్, అంటే కుడ్యచిత్ర మహిళలు అని పేరు పెట్టుకుని గోడలెక్కారు.

యోలాండా లోపెజ్ గ్వాడలూపె మాత బొమ్మనే తీసుకుంది. మెక్సికన్ ఇళ్లలో ఆ బొమ్మ లేని గది ఉండదు: చుట్టూ బంగారు కిరణాలు, నక్షత్రాల నీలి వస్త్రం, కింద చంద్రవంక, దాన్ని మోసే దేవదూత, వంచిన తల. 1978లో లోపెజ్ వేసిన బొమ్మలో ఆమే స్వయంగా ఆ కిరణాల్లోంచి బయటికి పరుగెత్తుకొస్తుంది. కాళ్లకు రన్నింగ్ షూలు, ఒక చేతిలో పాము, ఇంకో చేత్తో నక్షత్రాల వస్త్రం. దేవదూత రెక్కలు ఎరుపు, తెలుపు, నీలం. అమెరికా జెండా రంగులన్నమాట. అతని మీదుగా ఆమె దూకేస్తోంది. దీనికి తోడు రెండు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో తల్లి కుట్టు మిషన్ దగ్గర కూర్చుని అదే నక్షత్రాల బట్టను కుడుతుంటుంది. ఇంకోదాంట్లో అమ్మమ్మ చేతిలో చాకు, ఒలిచిన పాము చర్మం పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటుంది. మొదటి బొమ్మకే పేరెక్కువ గాని, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కుట్టు మిషన్ బొమ్మే గట్టిది. దేవత వేసుకునే బట్ట ఎవరో ఒకరు కుట్టాలి కదా అన్న మాట ఎంత మామూలుగా చెప్పింది! లోపెజ్ 2021 సెప్టెంబర్‌లో చనిపోయింది. మ్యూజియంలో ఆమె మొదటి సోలో ప్రదర్శన తన సొంత ఊరు శాన్ డియేగోలో మొదలైంది ఆ తర్వాతి నెలలో.

ఈ కళను చదవడానికి విద్యార్థులకు బాగా ఉపయోగపడే మాట ఒకటుంది, రస్క్వాచె. మెక్సికన్ స్పానిష్‌లో అది నాసిరకం, లేకి అని తిట్టే మాట. 1989లో టోమాస్ ఇబారా ఫ్రౌస్తో దాన్ని కళాదృష్టి పేరుగా మార్చాడు. పాత టైరును కోసి రంగేసి పూలకుండీ చేయడం, ఖాళీ డబ్బాలను వరసపెట్టి తోట చేయడం, ఉన్నదాంతోనే హంగు చేసుకోవడం, అందులో కాస్త ఠీవి, కాస్త ఎకసెక్కెం. డాల్డా డబ్బాలో తులసి మొక్క పెట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకు దీన్ని ఇంతకంటే వివరించాల్సిన పని లేదు. అమాలియా మెసా బెయిన్స్ ఇంకో అడుగు వేసి, ఆడవాళ్ల ఇంటి పూజాపీఠాల తరహాలో అద్దాలు, లేసులు, ఫోటోలు, ఎండుపూలు పెట్టి మ్యూజియంలోనే పూజాపీఠాలు కట్టింది. ఇది అలంకారమా కళా అన్న ప్రశ్న ఎవరి ఇంట్లో పుడుతుందో గమనించడమే అక్కడ పాఠం.

లాటినెక్స్ అన్న పెద్ద గొడుగు కిందకు వస్తే సంగతి ఇంత ముద్దగా ఉండదు. న్యూయార్క్‌లో ప్యూర్టో రికన్లు 1969లో ఒక బడి గదిలో మొదలుపెట్టిన ఎల్ మ్యూజియో డెల్ బారియో ఇవాళ పెద్ద మ్యూజియం. హవానాలో పుట్టిన కార్మెన్ హెర్రెరా జీవితమంతా గీతలు, త్రికోణాలే వేసింది. మొదటి బొమ్మ అమ్ముడుపోయేసరికి ఆమెకు 89 ఏళ్లు. ఆమె బొమ్మలో గ్వాడలూపె లేదు, పుర్రె లేదు, జెండా లేదు. మరి అది లాటినెక్స్ కళేనా? 2013లో అమెరికా జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ పెట్టిన పెద్ద లాటినో కళా ప్రదర్శన చూసి ఒక పత్రికా విమర్శకుడు అసలు లాటినో కళ అన్న విభాగానికే అర్థం లేదని రాశాడు. కొంత నిజముంది. కాకపోతే వేరు గది ఎందుకని అడిగేవాళ్లు అసలు గదిలో ఎంతమంది ఉన్నారో కూడా లెక్కపెట్టాలి. అమెరికాలోని 18 పెద్ద మ్యూజియంల సేకరణలను లెక్కగట్టి 2019లో వచ్చిన అధ్యయనంలో, కళాకారుల్లో తెల్లవాళ్లు 85 శాతం, లాటినోలు 2.8 శాతం. 2020 జనగణనలో లాటినోలు 6.2 కోట్ల మంది, జనాభాలో 18.7 శాతం. స్మిత్సోనియన్ 1994లో తానే వేసుకున్న కమిటీ తన మీదే ఇచ్చిన నివేదికకు పెట్టిన పేరు ‘ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం’.

అక్కడి నుంచి జాతీయ లాటినో మ్యూజియం కట్టాలన్న చట్టం రావడానికి 2020 డిసెంబర్ దాకా పట్టింది. 2022లో ఒక గ్యాలరీ మాత్రం తెరిచారు. అందులో రెండో ప్రదర్శనగా యువజన హక్కుల ఉద్యమాల గురించి పెట్టాలనుకుని, రాజకీయ విమర్శలు వచ్చాక, సాల్సా సంగీతం వైపు తిప్పారు. సాల్సా మీద ఎవరికీ కోపం ఉండదు, అదే దాని సుగుణం. ఆ 2022లోనే కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పాత లైబ్రరీ భవనంలో చీచ్ మారిన్ అనే హాస్యనటుడు దశాబ్దాల పాటు కొన్న చికానో చిత్రాలతో ఒక మ్యూజియం తెరుచుకుంది. ప్రభుత్వ చట్టానికి ఏళ్లు పడితే, కామెడీ డబ్బులతో కొన్న బొమ్మలకు చోటు ముందు దొరికింది.

డాలస్ చుట్టుపక్కల, బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కళ పరాయిదిలా కనబడవచ్చు గాని, అందులోని మనుషులు కాదు. గడ్డి కోసేవాళ్లు, ఇల్లు శుభ్రం చేసేవాళ్లు, కొత్త కాలనీల్లో ఎండలో పైకప్పులు వేసేవాళ్లు, రెస్టారెంట్ వంటింట్లో బిర్యానీకి ఉల్లిపాయలు కోసేవాళ్లు చాలాచోట్ల వీళ్లే. జే లిన్ గోమెజ్ వేసేది వీళ్లనే. మెక్సికో నుంచి వచ్చిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టింది, హాలీవుడ్ కొండల్లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని చేసింది. ఆ ఇంటికొచ్చే ఖరీదైన పత్రికల్లో అందమైన గదుల ఫోటోలుండేవి, గదులు తుడిచేవాళ్లు ఉండేవారు కాదు. ఆ పేజీలు చించి, వాటి మీదే రంగుతో పనిమనుషుల్ని వేసింది. తర్వాత అట్టముక్కలతో మనిషంత తోటమాలులు చేసి బెవర్లీ హిల్స్ పొదల పక్కన నిలబెట్టింది. డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ఈతకొలను బొమ్మ ప్రపంచ ప్రసిద్ధం, అప్పుడే ఎవరో దూకిన నీళ్ల చిందు అందులో ఉంటుంది. గోమెజ్ 2013లో వేసిన దాంట్లో అదే ఇల్లు, అదే కొలను, చిందు లేదు. కొలను శుభ్రం చేసే మనిషి ఒకడు, అద్దాలు తుడిచే మనిషి ఒకరు. వాళ్లకు కళ్లూ ముక్కూ వేయలేదు. చూసే ఇంటివాళ్లకు వాళ్ల ముఖాలు ఎప్పుడూ గుర్తుండవు కాబట్టి.

ఆసక్తి ఇక్కడిదాకా వచ్చిన విద్యార్థి సాధారణంగా బొమ్మల పుస్తకం మూసి పెట్టెలు తెరవడం మొదలుపెడతారు. యూసీ శాంటా బార్బరా లైబ్రరీలో చికానో పోస్టర్ల పెద్ద ఖజానా ఉంది, రాయల్ చికానో ఎయిర్ ఫోర్స్‌వి, తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని అచ్చుచిత్రాల కేంద్రం సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్‌వి అక్కడికే చేరాయి. ఇంకొందరు ఇంట్లోనే మొదలుపెడతారు. లాస్ ఏంజెలెస్‌కు చెందిన గ్వాడలూపె రోజాలెస్ 2015లో ఇన్‌స్టాగ్రామ్‌లో తన తరం పార్టీ ఫోటోలు పెడితే, ఊళ్లోని వాళ్లంతా తమ ఆల్బమ్‌ల ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. అదే ఇప్పుడు పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే సేకరణ. ఫోటో వెనుక పెన్నుతో రాసిన పేరు, తేదీ, ఊరు దొరికితే పండగే.

లాక్మా 2011లో ఆస్కో బృందానికి పెద్ద ప్రదర్శన పెట్టింది, ఆ సంతకాల ఫోటోతో సహా. పాట్సీ వాల్డెజ్ ఆస్కో తర్వాత చిత్రకారిణిగా పేరు తెచ్చుకుంది. మనుషులు లేని గదులు, వంగిన కుర్చీలు, మండిపోయే రంగులు ఆమె గుర్తు. మ్యూజియంలో 1965 నాటి పాత భవనాలను 2020లో కూల్చేశారు. 2023 అక్టోబర్‌లో అదే మ్యూజియం ఒక గ్యాలరీని జుడిత్ బాకా బృందానికి ఇచ్చింది. కాలువ గోడకు చేర్చబోయే 1960ల ఘట్టాలను వాళ్లు నెలల తరబడి అక్కడే, అందరి ముందు వేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు టికెట్ కొనుక్కుని, పెయింటర్ల వెనుక నిలబడి, రంగు ఆరేదాకా చూశారు.